రెండు పొడిగింపులు, ఒక షరతు

2021 సెప్టెంబరు 1న టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ హెడ్ కోచ్ జింబో ఫిషర్ కాంట్రాక్టును 2031 దాకా పొడిగించింది. అదే ఏడాది నవంబరు 23న పెన్ స్టేట్ యూనివర్సిటీ తన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌కు పదేళ్ల కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. దాని గడువు కూడా 2031. ఇద్దరి తరఫునా బేరమాడింది ఒకే ఏజెంటు, జిమ్మీ సెక్స్‌టన్. ఇద్దరినీ సగం గడువైనా పూర్తికాకముందే పంపేశారు. ఫిషర్‌ను వదిలించుకోవడానికి ఎ అండ్ ఎం 7.6 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫ్రాంక్లిన్ విషయంలో పెన్ స్టేట్ చివరికి 90 లక్షల డాలర్లతో బయటపడింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఆట ఫలితాల కంటే ముందు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఎంత పెద్ద వ్యవహారమో తెలియని పాఠకులకు ఒక మాట. ఎ అండ్ ఎం వారి కైల్ ఫీల్డ్‌లోనూ, పెన్ స్టేట్ వారి బీవర్ స్టేడియంలోనూ లక్ష మందికి పైగా కూర్చుంటారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. అంత జీతం ఇవ్వడం సబబా అన్న చర్చ ఎప్పటినుంచో ఉంది, నేను దాని జోలికి పోవడం లేదు. నా అభ్యంతరం ఇంకా గడువున్న కాంట్రాక్టును మళ్లీ పొడిగించే అలవాటు మీద.

ముందుగా ఫిషర్ సంగతి. 2017 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ నుంచి ఆయనను తెచ్చినప్పుడే ఎ అండ్ ఎం పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు, పూర్తి హామీతో, రాసిచ్చింది. మొదటి మూడు సీజన్లలో 26 గెలుపులు, 10 ఓటములు. 2020లో 9 గెలిచి ఒక్కటే ఓడి, ఆరెంజ్ బౌల్ గెలిచి, దేశంలో నాలుగో స్థానంలో నిలిచారు. మంచి ఫలితమే, కాదనను. అయినా 2021 సెప్టెంబరు నాటికి ఆ మొదటి కాంట్రాక్టులో ఏడు సీజన్లు మిగిలే ఉన్నాయి. ఆయన ఎక్కడికీ పోకుండా ఏడు సీజన్ల పాటు కాగితం ఉండగా, ఏటా 90 లక్షలకు పెంచి, మొత్తం సుమారు 9.5 కోట్లకు, 2031 దాకా కొత్త కాగితం ఎందుకు రాసినట్టు?

జవాబు భయం. ఫిషర్‌ను ఎ అండ్ ఎంకు తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్ 2019లో లూసియానా స్టేట్‌కు, అంటే ఎల్ఎస్‌యూకు, వెళ్లాడు. ఫిషర్ ఒకప్పుడు అదే ఎల్ఎస్‌యూలో, అప్పటి హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర పనిచేసినవాడు. పాత యజమాని వుడ్‌వర్డ్ ఎప్పుడైనా కబురు పెట్టవచ్చునన్న దిగులు ఎ అండ్ ఎం ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో గట్టిగానే ఉండేది. వుడ్‌వర్డ్ తర్వాత వచ్చిన డైరెక్టర్ రాస్ బ్యోర్క్ హయాంలో ఆ దిగులుకు మందుగా ఈ పొడిగింపు వచ్చింది.

పొడిగింపు తర్వాత ఫిషర్ ఫలితం 19 గెలుపులు, 15 ఓటములు. 2021 అక్టోబరులో అలబామాను 41-38తో ఓడించిన రాత్రి ఒక్కటే ఆ సంతకానికి దక్కిన పండగ. 2022లో ఐదు గెలిచి ఏడు ఓడారు. 2023 నవంబరు 12న, మిసిసిపీ స్టేట్‌పై 51-10తో గెలిచిన మర్నాడే, ఉద్యోగం తీసేశారు. కాంట్రాక్టు ప్రకారం అరవై రోజుల్లో సుమారు 1.9 కోట్ల డాలర్లు, ఆపై ఏటా 72 లక్షలు, 2031 దాకా. మధ్యలో ఆయన వేరే ఉద్యోగం చూసుకుని ఎంత సంపాదించినా ఈ మొత్తంలో పైసా తగ్గదు. ఉద్యోగం వెతుక్కోవాలన్న బాధ్యత కూడా ఆయనమీద లేదు.

లెక్క చాలా తేలిక. పొడిగింపే లేకపోయి ఉంటే 2023 నవంబరులో మిగిలేది 2024 నుంచి 2027 వరకు నాలుగేళ్లు, ఏడాదికి సగటున 75 లక్షల చొప్పున దాదాపు 3 కోట్లు. అంటే 4.6 కోట్ల డాలర్లు ఆ ఒక్క సెప్టెంబరు సంతకం ఖరీదు. మిగిలిన ఏ చర్చ జరిగినా ఈ అంకె దగ్గర ఆగి ఆలోచించాలని నా విన్నపం. ఎందుకంటే 2025 అక్టోబరులో లూసియానా గవర్నరు జెఫ్ లాండ్రీ, తమ దగ్గర ఎల్ఎస్‌యూ కోచ్ బ్రయన్ కెల్లీ కాంట్రాక్టు బెడిసినప్పుడు, ఎ అండ్ ఎంకు జరిగిన 7 కోట్ల పైచిలుకు నష్టాన్ని కూడా వుడ్‌వర్డ్ ఖాతాలోనే వేశాడు. వుడ్‌వర్డ్ రాసిన కాంట్రాక్టు ఉదారమైనదే, దాన్ని సమర్థించను. కానీ ఆ నష్టంలో పెద్ద భాగం ఆయన వెళ్లిపోయాక వచ్చిన పొడిగింపుది. తప్పు ఎవరిదో సరిగ్గా చెప్పకపోతే ఆ తప్పు మళ్లీ జరుగుతుంది.

ఇప్పుడు పెన్ స్టేట్. చిత్రం ఏమిటంటే, పొడిగింపు నాటికి ఫ్రాంక్లిన్ ఫలితాలు ఫిషర్ కంటే బలహీనం. 2020లో వరసగా ఐదు ఓడి సీజన్ మొదలుపెట్టారు. 2021లో సంతకం పెట్టిన రోజుకు ఏడు గెలుపులు, నాలుగు ఓటములు. ఆ శరదృతువులో యూఎస్‌సీ, ఎల్ఎస్‌యూ రెండూ కోచ్ కోసం వెతుకుతున్నాయి, ఫ్రాంక్లిన్ పేరు రెండు చోట్లా వినబడింది. భయం ఇక్కడా ఉంది, భయానికి మందు కూడా అదే: పదేళ్లు, 7.5 కోట్ల డాలర్ల హామీ. ఈ దశలో రెండు విశ్వవిద్యాలయాలకూ తేడా ఏమీ కనబడదు.

తేడా లోపలి పేజీల్లో ఉంది. పెన్ స్టేట్ కాగితం ప్రకారం కోచ్ తనంతట తాను వెళ్లిపోతే విశ్వవిద్యాలయానికి డబ్బు కట్టాలి. విశ్వవిద్యాలయమే పంపితే కోచ్ వేరే ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడ వచ్చే జీతాన్ని వీళ్లు ఇవ్వాల్సిన దాంట్లోంచి మినహాయించుకోవచ్చు. 2022 నుంచి 2025 అక్టోబరు దాకా ఫ్రాంక్లిన్ 37 గెలిచి 11 ఓడాడు. 2025 జనవరిలో జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా వెళ్లి నోటర్ డేమ్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడాడు. ఆ శరదృతువులో దేశంలో రెండో ర్యాంకుతో మొదలుపెట్టి ఓరెగాన్, యూసీఎల్ఏ, నార్త్‌వెస్టర్న్ చేతుల్లో వరసగా ఓడగానే, 2025 అక్టోబరు 12న తీసేశారు. పత్రికలన్నీ దాదాపు 5 కోట్ల డాలర్ల బాకీ అని రాశాయి. నెల తిరిగేసరికి ఆయన వర్జీనియా టెక్ కోచ్ అయ్యాడు. బాకీ 90 లక్షలకు తెగింది.

ఇందులో అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఫ్రాంక్లిన్‌కు పని చేయాలని ఉంది, పని దొరికింది. అదే ఆయన ఇంట్లో కూర్చుందామనుకుంటే, వెతికాడా లేదా అన్నది కోర్టుల్లో తేలాల్సిన వాదన అయ్యేది. ఎల్ఎస్‌యూ సంగతే చూడండి. కెల్లీ కాంట్రాక్టులో కూడా పని వెతుక్కోవాలన్న షరతు ఉంది. అయినా సుమారు 5.4 కోట్ల డాలర్ల బాకీ మీద తగాదా దావాదాకా వెళ్లింది. కాబట్టి షరతు రాసుకున్నంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కాదు. షరతు లేకపోతే మాత్రం మాట్లాడుకోవడానికి బల్ల దగ్గర కుర్చీ కూడా ఉండదు. ఎ అండ్ ఎం పరిస్థితి అది.

ఈ రెండు కథల్నీ కలిపి చదివితే నాకు అన్నిటికంటే బలంగా కనబడేది ఇది: మంచి ఫలితాలు చూసి ఇచ్చిన పొడిగింపు చెడిపోయింది, మామూలు ఫలితాలు చూసి ఇచ్చిన పొడిగింపు మూడేళ్లు బాగా నడిచింది. సంతకం రోజున కోచ్ భవిష్యత్తు ఎవరికీ తెలియదు. తెలియని దాని మీద పదేళ్ల పందెం కాసేటప్పుడు, ఓడితే ఎంత పోతుందన్నదే అసలు ప్రశ్న. పెన్ స్టేట్ ఆ ప్రశ్న వేసుకుంది, ఎ అండ్ ఎం వేసుకోలేదు.

పొడిగింపుల్ని సమర్థించేవాళ్లు ఎప్పుడూ చెప్పే కారణం ఒకటుంది. పదిహేడేళ్ల కుర్రాణ్ని జట్టులోకి పిలిచినప్పుడు, అతని తల్లిదండ్రులు ఈ కోచ్ నాలుగేళ్లూ ఉంటాడా అని అడుగుతారు. కాంట్రాక్టు పొట్టిగా ఉంటే పోటీ కాలేజీలు దాన్నే ఆయుధం చేసుకుంటాయి. ఒకప్పుడు ఇందులో పస ఉండేది. 2022లో ఎ అండ్ ఎంలో చేరిన కుర్రాళ్ల బృందాన్ని దేశంలో మొదటి స్థానంలో నిలిపారు కూడా. ఆ ఏడాదే జట్టు 5-7తో ముగిసింది, వాళ్లలో చాలామంది తర్వాత వేరే కాలేజీలకు వెళ్లిపోయారు. వెళ్లడం సులువైంది 2021లోనే: మొదటిసారి కాలేజీ మారే ఆటగాడు ఒక సీజన్ ఖాళీగా కూర్చోనక్కర్లేదన్న నిబంధన ఆ ఏడాది వచ్చింది. కుర్రాళ్లు ఏటా మారగల లోకంలో కోచ్‌కు పదేళ్ల కాగితం వాళ్లకు ఇచ్చే భరోసా ఏముంది? ఫ్రాంక్లిన్‌ను నమ్మి చేరినవాళ్లకు 2031 అన్న అంకె ఏ విధంగానూ అక్కరకు రాలేదు.

డబ్బు ఎవరిదన్నది మరో ప్రశ్న. ఫిషర్‌కు ఇచ్చేది దాతల విరాళాలు, క్రీడా విభాగపు రాబడి అని ఎ అండ్ ఎం చెప్పింది, పన్నుల సొమ్ము కాదంది. నిజమే అనుకుందాం. అయినా అది ఒక విశ్వవిద్యాలయం పేరు మీద పోగైన డబ్బే. 2025 జులై నుంచి ఒక కాలేజీ తన ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా పంచగలిగే మొత్తానికి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. ఫిషర్‌కు మొదటి అరవై రోజుల్లో చేరింది దాదాపు అంత. ఆడే పిల్లలందరికీ కలిపి ఒక ఏడాదికి దక్కేది, ఆడించడం మానేసిన ఒక్క మనిషికి రెండు నెలల్లో దక్కింది. దీన్ని సమర్థించే వాదన నాకు ఇంతవరకు ఎవరి దగ్గరా దొరకలేదు.

సంతకాలు చేసినవాళ్లు ఆ బరువు మోయలేదన్నది రెండు చోట్లా నిజం. బ్యోర్క్ 2024లో ఒహాయో స్టేట్‌కు వెళ్లాడు. పెన్ స్టేట్‌లో ఫ్రాంక్లిన్ పొడిగింపు నాటి డైరెక్టర్ శాండీ బార్బర్ 2022లో పదవీ విరమణ చేశారు, తీసేసింది తర్వాత వచ్చిన పాట్రిక్ క్రాఫ్ట్. నిర్ణయానికీ దాని పర్యవసానానికీ మధ్య మనుషులు మారిపోతుంటే జాగ్రత్త అనేది వ్యక్తుల మంచితనం మీద ఆధారపడకూడదు, కాగితంలోనే ఉండాలి.

నా తీర్పు పెన్ స్టేట్ వైపు, కాస్త సంకోచంతో. వాళ్లు కూడా భయపడే సంతకం పెట్టారు, కానీ వెనక్కి రావడానికి దారి ఉంచుకున్నారు. ఎ అండ్ ఎం ఫిషర్ స్థానంలో మైక్ ఎల్కోను ఆరేళ్లకు 4.2 కోట్లతో తెచ్చింది. ఏడాదికి 70 లక్షలు, అంటే పనిచేసే కోచ్‌కూ పనిలో లేని కోచ్‌కూ దాదాపు సమానంగా ఇస్తూ వచ్చింది. 2025 నవంబరులో, జట్టు ఇంకా ఒక్క ఆటా ఓడని సమయంలో, ఎల్కో కాంట్రాక్టును కూడా ఏటా కోటీ పది లక్షలకు పైగా పెంచి పొడిగించింది. సీజన్ పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు.

టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు కాలేజ్ స్టేషన్‌లో చదువుతున్నారు, చదువు పూర్తిచేసి విరాళాలిచ్చే పూర్వ విద్యార్థుల్లో మనవాళ్లూ ఉన్నారు. చెక్కు రాసేవాళ్లు అడిగితే వినక తప్పదు. ఏ కాలేజీ అయినా మళ్లీ కోచ్ కాంట్రాక్టు పొడిగిస్తున్నానంటే జీతం ఎంతని అడగకండి. మధ్యలో పంపాల్సి వస్తే ఎంత కట్టాలి, ఆయన వేరే చోట సంపాదించేది అందులోంచి తగ్గుతుందా లేదా అని, సంతకానికి ముందే, రాతపూర్వకంగా అడగండి.