వైకుంఠపాళి ఏం నేర్పుతుంది?

వస్తువు, రూపం గురించి మన విమర్శలో చాలా చర్చ జరిగింది. అయితే ఆ చర్చను మనం కథకూ కవిత్వానికే పరిమితం చేశాం. పిల్లల చేతికిచ్చే ఆటకు కూడా వస్తువూ రూపమూ ఉంటాయి. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక ఆటల ద్వారా బోధన అనే మాట బడుల్లో తరచు వినిపిస్తోంది. కనుక ఈ పరిశీలన అవసరం.

వైకుంఠపాళినే తీసుకుందాం. పరమపదసోపానపటమని దాని పండితనామం. అది కేవలం కాలక్షేపానికి గీసిన పటం కాదు. జైనులు 84 గళ్ళతో, వైష్ణవులు 72 గళ్ళతో తమ మోక్షమార్గాలను గీసుకున్నారు. సూఫీలు సైతం దాన్ని తమకు అనుగుణంగా మలచుకున్నారు. పుణ్యం నిచ్చెన, పాపం పాము. అక్షరం రానివాడికి కూడా మతధర్మాన్ని అందించిన సాధనమది.

ఇదంతా వస్తువు. మరి రూపం? గవ్వలు వేయడం, పడినన్ని గళ్ళు కాయ జరపడం. ఆటగాడు ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటీ లేదు. ఇక్కడ దానం చేసినవాడికి నిచ్చెన దొరకదు. నిచ్చెన దొరికినవాడే దాత అవుతాడు. నీతి బోధిస్తానని వచ్చిన ఆట చివరకు తలరాతను బోధించి పోతుంది.

అందరూ ఒకే గడినుంచి బయలుదేరతారు, గవ్వకు కులం తెలియదు కదా అని కొందరు మిత్రులంటారు. నిజమే. ఆ సమానత్వాన్ని నేను తక్కువ చేయను. కాని అది నిస్సహాయతలో సమానత్వం.

ఈ ఆట 19వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరింది. అక్కడ మోక్షం పోయి, పొదుపు, కష్టపడే గుణం వంటివి నిచ్చెనలెక్కాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని తీసేసి జారుడుబల్లలు పెట్టింది. బొమ్మలు మారాయి, నీతులు మారాయి. సూత్రం మాత్రం మారలేదు. వస్తువును మార్చినంత మాత్రాన రూపం చేసే పని ఆగదనడానికి ఇంతకంటే నిదర్శనమేం కావాలి?

దీని పక్కన పులిజూదాన్ని పెట్టి చూడండి. గుడి బండలమీద చెక్కి కనిపించే ఆట అది. 3 పులులు, 15 మేకలు. గవ్వలు లేవు, అదృష్టం లేదు. ఒంటరి మేకమీదుగా పులి దూకి దాన్ని చంపుతుంది. వెనకాల మరో మేక నిలిస్తే దూకలేదు. మేకలన్నీ దన్నుగా నిలిచి దారులు మూస్తే పులి కదలలేదు. దీన్ని రూపొందించినవారు వర్గపోరాటం చెప్పదలచారని నేననను. అది అతివ్యాఖ్య అవుతుంది. కాని బలహీనుల బలం ఎక్కడుందో ఆ నియమాలు చెప్పకనే చెబుతాయి.

మా ఎనిమిదో తరగతి పిల్లలచేత రెండు ఆటలూ ఆడించాను. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినవాడు “నా రాతింతే” అన్నాడు. పులిజూదంలో ఓడినవాడు “ఆ మేకను అక్కడ పెట్టకుండా ఉండాల్సింది” అన్నాడు. మొదటి మాటలో ఆట ముగిసింది. రెండో మాటలో చదువు మొదలైంది.

వైకుంఠపాళిని పారేయమనడం లేదు. దాన్ని చరిత్రపాఠంగా పిల్లలముందు పరుద్దాం. ఈ పటం ఎవరు గీశారు, ఎందుకు గీశారని అడిగిద్దాం. ప్రాచీనమైనదల్లా బోధనకు పనికొస్తుందనుకునే ముందు, అది పిల్లవాడిచేత ఆలోచింపజేస్తుందా, ఎదురుచూడటం మాత్రమే నేర్పుతుందా అన్నది తేల్చుకోవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.