గోధుమరంగు కన్నా ముందు స్కేలు

నాలుక పక్క అంచున శనగగింజంత పుండు. మెడలో గడ్డలేవీ చేతికి తగలవు. కోసి తీసిన ముక్క మా పాథాలజీ టేబుల్ మీదికి వచ్చేసరికి సర్జన్‌కు కావలసిన జవాబు ఒకటే: ఇది ఇక్కడితో ఆగుతుందా, మెడలోకి పాకుతుందా?

ఆ సంగతి ప్రోటీన్లు చెబుతాయని చాలాకాలంగా ఆశ. మైనంలో బిగించిన ముక్కను మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి, ఫలానా ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ వేస్తే, అది ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. కి-67 అనే ప్రోటీన్ ఉన్న కణం విభజన దారి పట్టినట్టు. పి53 జన్యువు చెడితే ఆ ప్రోటీన్ కేంద్రకంలో పేరుకుపోవచ్చు, అసలు కనిపించకుండానూ పోవచ్చు. రెండోదానికే కొత్తవాళ్లు బోల్తా పడతారు. రంగు లేదంటే అంతా బాగున్నట్టే అనుకుంటారు. కణాలను అతికించి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గినచోట అవి గుంపు వదిలి కండరంలోకి జారుకుంటాయి.

చూడ్డానికి ముచ్చటైన పని. కానీ ఒకే స్లైడులో రంగు పట్టిన కణాలు కణితి నడుమ ఒక శాతంలో, చొచ్చుకెళ్లే అంచున మరో శాతంలో ఉంటాయి. ఎక్కడ లెక్కపెట్టారో చెప్పని అంకెను నేను నమ్మను.

ఈలోగా పెద్దపీట స్కేలుకు దక్కింది. 2018లో అమలుకొచ్చిన, క్యాన్సర్ దశలు తేల్చే ఏజేసీసీ మాన్యువల్ ఎనిమిదో ఎడిషన్ ప్రకారం పుండు 2 సెంటీమీటర్ల లోపే ఉన్నా, అది చొచ్చుకెళ్లిన లోతు 5 మిల్లీమీటర్లు దాటితే కణితి మెట్టు టి1 కాదు, టి2. కొలవడమూ తేలిక కాదు. పక్కనున్న మంచి పొర మట్టం నుంచే కొలవాలి. పైకి ఉబ్బిన భాగం లెక్కలోకి రాదు; గుంటపడితే పోయిన మేరను కలుపుకోవాలి. ఆ కొలతను బట్టే చాలాసార్లు మెడ ఆపరేషన్ ఆలోచిస్తారు. తొలిదశ నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథుల్ని ముందే తీస్తే మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారనీ, గడ్డ తేలాక తీస్తే 67.5 శాతమేననీ ముంబై టాటా మెమోరియల్ బృందం 2015లో చూపింది.

ఈమధ్య ఒకబ్బాయి సెల్‌ఫోన్ చూపిస్తూ, "మేడమ్, నాన్నగారికి పి16 కూడా చేయించేద్దామా?" అన్నాడు. అది గొంతువైపు, నాలుక మొదట్లో హెచ్‌పీవీ వైరస్ తెచ్చే క్యాన్సర్లకు పనికొచ్చే పరీక్ష. వాళ్ల నాన్నది ఖైనీ దట్టించిన వైపు అంచున లేచిన పుండు. వద్దన్నాను. ఆ డబ్బు దాచుకోమనీ, మెడ గ్రంథుల రిపోర్టు వచ్చేదాకా ఆగమనీ చెప్పాను.