‘సైలెన్స్’ నవల: చివరి పుటల సాక్ష్యం

షుసాకు ఎండో నవల ‘సైలెన్స్’ (1966)పై చర్చ చాలావరకు ఒక్క దృశ్యం దగ్గరే ఆగిపోతుంది. పదిహేడో శతాబ్దపు జపానులో, క్రైస్తవం నిషిద్ధమైన కాలంలో, పోర్చుగీసు పాద్రీ రోడ్రిగ్స్ క్రీస్తు రూపమున్న ఫలకాన్ని కాలితో తొక్కుతాడు. తొక్కనంతవరకు గోతుల్లో తలకిందులుగా వేలాడుతున్న రైతుల చిత్రహింస ఆగదు. ఆ రైతులు అప్పటికే మతం వదులుకున్నవాళ్ళు! పాద్రీ చేసినది ద్రోహమా, ప్రేమా అన్నదే విమర్శకుల తగవు.

ఆ తగవును తిరగదోడే సాక్ష్యం నవల చివర ఉంది. అనుబంధమే కదా అని దాటేయడం తేలిక. అది ఒక ఉద్యోగి దినచర్య: భత్యాలు, సోదాలు, విచారణలు, అన్నీ పొడి వాక్యాలు. జపాను పేరుతో బతుకుతున్న రోడ్రిగ్స్ చేత మతత్యాగ పత్రం రాయిస్తున్నారన్న ముక్క అందులో కనిపిస్తుంది. ఏనాడో వదిలిన మతాన్ని మళ్ళీ వదలమనడం ఎందుకు? పదేపదే వెన్నుచూపిన కిచిజిరో తాయెత్తులో క్రైస్తవ ప్రతిమ దొరకడమూ అక్కడే నమోదైంది.

మార్టిన్ స్కార్సెసీ 2016 నాటి చిత్రం దహనమవుతున్న శవం చేతిలో సిలువను చూపి సందేహం తీర్చేసింది. ఎండో అంత దయ చూపలేదు. ఆయన నవలలో విశ్వాసపు ఆనవాలు దాన్ని అణచినవాళ్ళ చిట్టాలోనే మిగిలింది, అదీ అనుమానంగానే.