కొండ దిగేటప్పుడే కారు సంగతి

మా చిత్తూరు వైపు కొత్త కారు కొన్నవాళ్లు ముందు కాణిపాకం వెళ్తారు. వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వీలైతే అటునుంచి అటే తిరుమల కొండెక్కుతారు. ఈ రెండో ప్రయాణం మొక్కు ఒక్కటే కాదు, షోరూమువాళ్లు ఎప్పటికీ చూపించలేని పరీక్ష కూడా. ఇంటికి రాగానే ఇరుగుపొరుగు అడిగే మాట ఒకటే: "కొండకు బాగా లాగిందా నా?"

అడగాల్సింది అంతకంటే ఎక్కువే ఉంది. కొండెక్కడం ఇవాళ ఏ ఇంజిన్‌కీ గొప్ప పని కాదు. దిగేటప్పుడు బ్రేకు ఎలా పట్టింది, మలుపులో బండి ఎంత ఒరిగింది, గేరు ఎంత చెప్పినమాట విన్నది? ముప్పై ఏళ్లుగా ఈ దారుల్లో సెడాన్లు తోలుతూ, తోలేవాళ్ల పక్కన కూర్చుంటూ నేను నేర్చుకున్న కొలతలు ఇవే.

తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో తెరిచిన పాత దారి ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసినది ఎక్కడానికి. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. కొండను చుట్టుకుంటూ 36 వంపులు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని, అంతకంటే ముందు చేరకూడదని దేవస్థానం నిబంధన పెట్టింది. అంటే దిగేటప్పుడు సగటున గంటకు 28 కిలోమీటర్లు. వేగం మరిగిన కుర్రాళ్లకు ఇది శిక్షలా ఉంటుంది. నాకైతే ఇది చాలా మంచి నిబంధన. కాలినడక భక్తులు దారి పక్కనే నడిచే చోట పందేలు పెట్టుకోవడం మహా తప్పు. అదీగాక, వేగం లేనప్పుడే కారు అసలు గుణం బయటపడుతుంది.

ఒక లెక్క చూడండి. నలుగురు మనుషులతో కలిపి 1,600 కిలోల కారు సుమారు 650 మీటర్ల ఎత్తు దిగుతుంది. ఆ దిగుడులో పుట్టే శక్తి ముప్పై లీటర్లకు పైగా నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. గాలీ టైర్లూ కొంత మింగినా, మిగిలిన వేడి ఎక్కడికో పోవాలి. కాలు బ్రేకు మీదే ఉంచితే అదంతా బ్రేకు ప్యాడ్లకే చేరుతుంది. ఏడో మైలు దాటాక ముందు కారు నుంచి కమురు వాసన వచ్చిందంటే కారణం అదే. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినది 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు.

పాత డ్రైవర్లు ఈ లెక్కలేవీ చెప్పేవాళ్లు కాదు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు నాయనా" అనేవాళ్లు, అంతే. పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్‌కు గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. సిలిండర్లు ఆ బిగువుకు ఎదురు పనిచేస్తూ చక్రాలను వెనక్కి పట్టుకుంటాయి. ఇంజెక్షన్ ఇంజిన్లలోనైతే ఆ సమయంలో పెట్రోలు చుక్క కూడా పడదు. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, పట్టు మాత్రం పోతుంది. బ్రేకు మలుపుకు ముందే గట్టిగా ఒకసారి తొక్కి వదలాలి. వంపులోకి వెళ్లాక తొక్కకూడదు. ఈ రెండూ అలవాటైన చేతికే ఏ కారు ఏమిటో తెలుస్తుంది.

నా తరానికి మొదటి ప్రేమ మిత్సుబిషి లాన్సర్. 1998 నుంచి హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తిరువళ్లూరులో తయారు చేసింది. తిరుపతి నుంచి పుత్తూరు, తిరుత్తణి మీదుగా మద్రాసు వెళ్లే మనిషికి అది దారిలో ఊరే! ఎనభై చిల్లర హార్స్ పవర్ ఇవాళ చిన్న హ్యాచ్‌బ్యాక్‌కూ ఉంటుంది. కానీ వెనక సస్పెన్షన్, స్టీరింగ్ చెప్పే కబురు! పలమనేరు నుంచి చిత్తూరు దిగే మొగిలి ఘాట్లో ముందు చక్రం ఏ రాయి మీద ఉందో అరచేతికి తెలిసేది. 2006లో వచ్చిన సీడియా 115 హార్స్ పవర్‌తో దాని తమ్ముడు. ఎంఆర్‌ఎఫ్ జట్టు సీడియాలతో జాతీయ ర్యాలీలు తోలిందంటే ఊరికే కాదు.

దానికి ఎదురు నిలిచింది 2000 నాటి హోండా సిటీ వీటెక్. 1.5 లీటర్ల ఇంజిన్‌కే 106 హార్స్ పవర్. తేలిక బండి. తిన్నని రోడ్డు మీద లాన్సర్‌ను వెనక వదిలేసేది. అయితే దాని బలమంతా ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడే. ఘాట్లో అంత తిప్పే చోటు దొరకదు. ఇద్దరు మిత్రులు ఈ రెండు కార్ల మీద వాదులాడుకుంటే నేనెప్పుడూ లాన్సర్ వైపే.

ఎత్తు కూడా ఇంజిన్ బలం తింటుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి నూరు మీటర్లకూ దాదాపు ఒక శాతం కోల్పోతుంది. తిరుమల మీద అది అంతగా తెలియదు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. అక్కడ బాగా తెలుస్తుంది. టర్బో ఆ లోటు పూడుస్తుంది. స్కోడా 2004లో తెచ్చిన ఆక్టేవియా వీఆర్‌ఎస్ 150 హార్స్ పవర్‌తో మనకు ఆ రుచి చూపించింది. 2017 నాటి ఆర్‌ఎస్ 230 దాన్ని ఇంకెక్కడికో తీసుకెళ్లింది. 230 హార్స్ పవర్, 350 న్యూటన్ మీటర్లు, నూరు వేగానికి 6.8 సెకన్లు. అయితే నాకు నచ్చింది ఆ సెకన్లు కాదు. నూనెలో తడిసే జంట క్లచ్ ఉన్న ఆరు గేర్ల డీఎస్‌జీ ఎక్కుడులో నెమ్మదిగా పాకినా వేడిని తట్టుకుంటుంది. పైగా 590 లీటర్ల డిక్కీ. తెల్లవారుజాము దర్శనానికి ఇంటిల్లిపాది సామానూ పట్టే కారే, ఒంటరిగా తోలినప్పుడు ఒళ్లు పులకరించేలా పరుగెడుతుంది. సెడాన్ విలువ అక్కడే ఉంది. ఎస్‌యూవీలు ఎంత ఎత్తుగా నిలబడినా వంపులో ఈ నిలకడ వాటికి రాదు.

తర్వాతి తరంలో పోటీ 2022 నాటి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీకీ 2023 నాటి హ్యుందాయ్ వెర్నా టర్బోకీ. మొదటిది 150, రెండోది 160 హార్స్ పవర్. టార్క్ రెంటికీ ఇంచుమించు ఒకటే, 250 న్యూటన్ మీటర్ల దగ్గర. వెర్నా వెంటనే ఉరుకుతుంది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. వర్టస్ వెనక డ్రమ్ములే, ఆ ధరకు అది అన్యాయం. కానీ దిగేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి పనంతా దాదాపు ముందు డిస్కులదే. వంపు తర్వాత వంపు వచ్చినప్పుడు వర్టస్ ఒళ్లు కుదురుగా ఉంటుంది, వెర్నా కొంచెం ఊగుతుంది. రెంటిలోనూ ఏడు గేర్ల ఆటోమేటిక్ పొడి క్లచ్‌ది, రద్దీలో ఎక్కుడు మీద పాకిస్తే వేడెక్కుతుంది. 'డి'లో వదిలేసి దిగితే పెట్రోలు ఆదా కోసం పై గేరుకు పోతుంది. అందుకని మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేరు పట్టుకోవాలి.

నా తీర్పు: వర్టస్ జీటీ, అందులోనూ చేతి గేరుది. సెకండ్ హ్యాండ్‌లో మంచి ఆర్‌ఎస్ 230 దొరికితే మాత్రం రెండో ఆలోచన వద్దు.

వేగం కూడా కొలవాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి మద్రాసు రేస్ ట్రాక్ ఉంది. తిరుపతి నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. హెల్మెట్ పెట్టుకుని అక్కడ తోలండి. కొండ మీద మాత్రం రెండో గేరు, నలభై నిమిషాలు. బయలుదేరే ముందు బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్పించారో ఒకసారి చూసుకోండి.