ముదిరిన గొంతు, ఐదు మైకులు

2002 ఆగస్టు 6న 'ద ఫిక్స్' విడుదలైంది. హ్యూస్టన్ ర్యాపర్ స్కార్‌ఫేస్ ఒంటరిగా చేసిన ఆల్బమ్‌లలో అది ఏడోది. అప్పటికి అతనికి 31 ఏళ్ళు. ఇంకెక్కడైనా ఆ వయసువాణ్ణి కుర్రాడనే అంటారు, గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో మాత్రం పెద్దమనిషి కింద లెక్క. ర్యాపర్లు టూపాక్ పాతికేళ్ళకు, బిగ్గీ 24 ఏళ్ళకు తూటాలకు బలైపోయారు. స్కార్‌ఫేస్ బతికి బట్టకట్టి డెఫ్ జామ్ సౌత్ రికార్డు సంస్థకు అధ్యక్షుడయ్యాడు, ర్యాపర్ లుడాక్రిస్‌ను ఆ సంస్థలోకి తెచ్చాడు. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ వీధి కథ చెబితే ఎవరు నమ్ముతారు?

నమ్మారు. 'ద సోర్స్' పత్రిక ఐదు మైకులిచ్చింది. ఆ పత్రికలో అంతకు మించిన మార్కు లేదు. తర్వాతి కాలంలో అది ఐదు మైకులు పంచిన తీరు మీద చాలా విమర్శలొచ్చాయి గానీ, ఈ తీర్పుతో నాకు పేచీ లేదు. బిల్‌బోర్డ్ 200 జాబితాలో ఆల్బమ్ 4వ స్థానానికి చేరింది. 1997లో 'ది అన్‌టచబుల్' ఏకంగా మొదటి స్థానమే కొట్టింది కాబట్టి, జాబితాల లెక్కన ఇది అతని శిఖరం కాదు. పనితనం లెక్కన ఇదే అంటాను. 1994 నాటి అతని 'ద డైరీ' ఆల్బమ్ అభిమానులు పోట్లాటకు వస్తారని తెలుసు, రానివ్వండి.

అతని అసలు పేరు బ్రాడ్ జోర్డన్. పెరిగింది హ్యూస్టన్ దక్షిణాన సౌత్ ఏకర్స్‌లో. పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్ళే మనవాళ్ళకు ఆ పేట అట్టే దూరం కాదు, కానీ అది వేరే లోకం. గెటో బాయ్స్ బృందంలో చేరి పేరు తెచ్చుకున్నాడు. 1990లో వాళ్ళ ఆల్బమ్‌ను, అందులోని మాటలు భరించలేక, గెఫెన్ సంస్థ పంపిణీ చేయనంది. మరుసటి ఏడాదే 'మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మి' వచ్చింది. ఐజాక్ హేస్ గిటార్ ముక్క మీద కట్టిన ఆ పాటలో తుపాకీ పట్టినవాడికి కంటి మీద కునుకు ఉండదు, ఎవరో వెంటాడుతున్నారని బెదిరిపోతుంటాడు. అప్పటిదాకా గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో ఎక్కువగా వినిపించింది ఎదుటివాణ్ణి భయపెట్టే గొంతు. తానే భయపడుతున్నానని ఒప్పుకున్న గొంతు ఇది. కుర్రతనంలో తనను కుంగదీసిన మానసిక వేదన గురించి స్కార్‌ఫేస్ 2015 నాటి ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఆ పాట ఊరికే పుట్టలేదు.

ఇక పనితనం. మొదట గొంతు: బరువుగా, గద్గదంగా, చర్చిలో ప్రసంగించే పాస్టర్‌లా ఉంటుంది. బీట్ వెంట పరుగెత్తడు. మాట పూర్తయ్యాక చోటు వదులుతాడు, విన్నది లోపలికి దిగేదాకా ఆగుతాడు. ప్రాస కుదరడం కోసం కథను వంచడు. న్యూయార్క్ ర్యాపర్ల పద విన్యాసాలకు అలవాటుపడ్డ చెవికి ఇది మొదట చప్పగా తోచవచ్చు.

రెండోది కథ చెప్పేవాడు నిలబడే చోటు. అతని పాత పాట 'ఐ సీన్ ఎ మ్యాన్ డై' వినండి. జైలు నుంచి బయటికొచ్చిన ఒకడి గురించి 'అతను' అంటూ మొదలుపెడతాడు. చావు దగ్గరపడే వేళకు 'నువ్వు' అంటూ పోతున్నవాడితోనే మాట్లాడతాడు. వినేవాడు కూడా ఎక్కడో దూరాన నిలబడి చూస్తున్నవాడల్లా పోతున్నవాడి పక్కకు వచ్చేస్తాడు. అంత పని ఒక్క సర్వనామం చేసింది.

'ద ఫిక్స్'లో ఈ విద్య పండింది. 'ఆన్ మై బ్లాక్'కి ఆధారం రాబర్టా ఫ్లాక్, డానీ హాథవే కలిసి 1972లో చేసిన ఆల్బమ్‌లోని ఒక పాట. దాని పియానో ముక్కను కోసి, లూప్ చేసి, కింద డ్రమ్స్ పెట్టారు. ఆ పియానో ఆగదు, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. పాటలోని మనుషులదీ అదే బతుకు, తమ వీధి దాటితే లోకమే లేదన్నట్టు. ఇందులో పెద్ద నేరం లేదు, మలుపు లేదు, ఉన్నది పేట ఒక్కటే. వీడియోలో కెమెరా అదే పేట చుట్టూ తిరుగుతుంటే ఏళ్ళు గడిచిపోతాయి.

'గెస్ హూస్ బ్యాక్'లో జే-జీ, బీనీ సీగెల్ తోడయ్యారు. బీట్ కట్టింది కాన్యే వెస్ట్, అతని సొంత తొలి ఆల్బమ్ రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. నెప్ట్యూన్స్ జంట బీట్ కట్టిన 'సమ్‌డే'లో ఫెయిత్ ఎవాన్స్, 'హెవెన్'లో కెల్లీ ప్రైస్ పాడారు. ఈ ఇద్దరి గొంతుల్లోనూ చర్చి వాసన ఉంది, పాపం చెప్పుకునేవాడి పక్కన అవి అతికినట్టున్నాయి. పశ్చాత్తాపం అమ్ముకునే ర్యాపర్లు కొందరున్నారు. ఇతను ఆ కోవకు చెందడు, ఎందుకంటే 'ఇన్ కోల్డ్ బ్లడ్' లాంటి కరకు పాట కూడా ఇదే ఆల్బమ్‌లో ఉంది, దాన్ని దాచలేదు, దానికి క్షమాపణ అతికించలేదు.

అలాగని అంతా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. గెటో బాయ్స్ రోజుల నుంచి ఆడవాళ్ళ గురించి గ్యాంగ్‌స్టా ర్యాప్ వాడిన మాటలు వినలేనివి. 'వీధి అలాగే మాట్లాడుతుంది' అన్న సమర్థన సగమే నిజం. వీధిలోని మగవాళ్ళు అలా మాట్లాడతారు. ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ కథ చెప్పే ఓపిక స్కార్‌ఫేస్‌కి కూడా చాలాచోట్ల లేకపోయింది. ఎంత గొప్ప కథకుడన్నా ఆ లోటు లోటే.

2019లో హ్యూస్టన్ నగర కౌన్సిల్‌కు పోటీచేసి ఓడిపోయాడు. 2020లో కోవిడ్ వచ్చి మూత్రపిండాలు పాడయ్యాయి. మరుసటి ఏడాది కొడుకు కిడ్నీ ఇచ్చాడు. 2023 డిసెంబరులో ఎన్‌పీఆర్ వారి టైనీ డెస్క్‌లో బ్యాండ్‌తో పాడాడు, ఆ వీడియో యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొత్తగా వినేవాళ్ళు దానితో మొదలుపెట్టి, 'ద ఫిక్స్' మొత్తాన్ని వరస మార్చకుండా వినండి. పిల్లలు పక్కన ఉంటే మాత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.