ఇంటి చాక్లెట్టుకి ఎన్ని మార్కులు?

చోడవరం పక్కన గోవాడ పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సహకార చక్కెర మిల్లే. చుట్టూ చెరుకు తోటలు, కాస్త అవతల అనకాపల్లి బెల్లం. అలాంటి చోట తీపిని విమర్శించబోవడం సాహసమే. అయినా తప్పదు.

ఈ మధ్య మన వంటిళ్లలోకి కొత్త మిఠాయి ఒకటి వచ్చింది. వేయించిన వేరుశెనగ గుళ్లని వెన్నలా రుబ్బి, పంచదార కలిపి, ఉండలు చేసి, కరిగిన చాక్లెట్టులో ముంచుతారు. అమెరికాలో రీస్ అనే ఆయన 1928లో అమ్మకానికి పెట్టిన మిఠాయికి ఇది దగ్గరి చుట్టం. రుచికి వంక పెట్టలేం. గుళ్ల కమ్మదనం, చాక్లెట్టు చిరుచేదు చక్కగా జోడు కుదిరాయి. పేచీ అంతా "ఇంట్లో చేసిందేగా, ఒంటికి మంచిది" అనే మాట దగ్గరే. పంచదారకి మన ఇల్లూ బజారూ తేడా తెలియదు కదా!

"అయితే మన వేరుశెనగ అచ్చే నయం, బెల్లంలో ఇనుముంది" అంటారు. లెక్క చూద్దాం. పాతిక గ్రాముల అచ్చులో బెల్లం పది గ్రాములనుకుంటే, అందులో ఇనుము సుమారు పావు మిల్లీగ్రాము. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అంటే నూటికి ఒక వంతు కూడా రాలేదు! రక్తం తక్కువైన ఇల్లాలు మాత్రలు మానేసి అచ్చుల్ని నమ్ముకుంటే ఏం కాను?

బలమంతా గుళ్లదే. మిగతా పదిహేను గ్రాముల గుళ్లలో మాంసకృత్తులు దాదాపు 4 గ్రాములు, కోడిగుడ్డులో 6. మన రాష్ట్రంలో 2020లో బడి పిల్లల భోజనంలో చిక్కీ చేర్చినప్పుడు గుడ్డు తీసెయ్యలేదు, పక్కనే ఉంచారు. అదీ పద్ధతి.

ఇంటి వంటకి ఒక గొప్ప మాత్రం ఒప్పుకోవాలి. తీపి పాళ్లు మన చేతిలో ఉంటాయి. బూజు పట్టిన గుళ్లు ఏరి పారెయ్యొచ్చు. వేయిస్తే బూజు విషం పూర్తిగా పోదు సుమా. కాబట్టి గుళ్లు ఎక్కువ, తీపి తక్కువ, ఉండ ఉసిరికాయంత. అలా చేస్తే రుచికి నూటికి తొంభై ఇస్తాను. పోషణకి వచ్చే మార్కులు గుళ్ల ఖాతాలో వెయ్యండి. గోవాడ చెరుకు రైతు నొచ్చుకోనక్కర్లేదు. తీపిని తీపిలాగే తిందాం. మందనుకుని మరో రెండు నోట్లో వేసుకోవద్దు!