మొగ్గ కోసి చూసే చేతులు

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో ఐరోపా ద్రాక్ష చలికి బతకదని ఒకప్పుడు చాలామంది తేల్చేశారు. ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ ఒప్పుకోలేదు. చలిని తట్టుకునే వేరుమొక్క మీద అంటు కడితే బతుకుతుందన్నారు. 1962లో క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టి చూపించారు. ఈ రోజు రీస్లింగ్ వైన్‌కి ఆ ప్రాంతం పేరు మోగుతోందంటే ఆ పట్టుదల చలవే.

సగం పని సరస్సు చేస్తుంది. 188 మీటర్ల లోతున్న అక్కడి సెనెకా సరస్సు వేసవి వేడిని దాచుకుని చలికాలంలో ఒడ్డుకి వదులుతుంది. వసంతంలో దాని చల్లదనమే మొగ్గల్ని తొందరపడనివ్వదు.

మిగతాది రైతు చేతుల్లో ఉంది. నాకు అబ్బురమనిపించేది అదే. చలి ముదరకముందే అంటు కట్టిన చోటికి మట్టి ఎగదోస్తారు, వసంతంలో మళ్లీ లాగేస్తారు. కత్తిరింపులకి ముందు కొన్ని కొమ్మలు తెచ్చి, ఒక్కో మొగ్గనీ బ్లేడుతో అడ్డంగా కోస్తారు. లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగుకి తిరిగితే చచ్చినట్టు. ఎన్ని పోయాయో లెక్కగట్టి, ఆ మేరకు తీగకి ఎక్కువ మొగ్గలు ఉంచుతారు. హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో చలికి మొగ్గలు చస్తాయన్న భయమే ఎరగరు.

ఆపైన తయారీ. రసాన్ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా, నెమ్మదిగా పులియనిస్తారు. తీపీ పులుపూ సరితూగాయనిపించగానే ట్యాంకుని ఇంకా చల్లబరిచి పులియడం ఆపేస్తారు. కొలతలు ఎన్ని ఉన్నా, ఆ ఘడియ ఏదో చెప్పేది రుచి చూసే మనిషే.